పూజ గూట్లో ఎల్పిస్

స్కోఫీల్డ్స్, మంగళవారం రాత్రి

పక్కింటి ఎలేని ఆంటీ గ్రీసు నుంచి తెచ్చిచ్చిన పాలరాతి బొమ్మను షోకేసులో పెట్టాను. చేతిలో పువ్వు ఉందని, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య దాన్ని లక్ష్మీదేవి అనుకున్నారు. బొట్టు పెట్టి పూజ గూట్లోకి చేర్చారు. రోజూ దీపం, నైవేద్యం. నా బుద్ధికేమైందో, చూస్తూ ఊరుకున్నాను.

ఇవాళ సాయంత్రం ఆంటీ వచ్చి, చూసి నవ్వింది. ఆ బొమ్మ ఎల్పిస్ అట, గ్రీకుల కథల్లో ఆశకు దేవత. లోకంలోని కీడులన్నీ దాచిన జాడీ మూత తీస్తే, అన్నీ ఎగిరిపోయి ఈవిడొక్కతే అడుగున మిగిలిందట.

"మరి మంచిదేనా?" అని అడిగాను.

"షీ వాజ్ ఇన్ దేర్ విత్ ద బ్యాడ్ స్టఫ్, లవ్. నోబడీ నోస్," అంది.

రేపు స్కాన్. పోయిన రెండుసార్లూ కడుపు నిలవలేదు. ఈసారి అసలు ఆశే పెట్టుకోకూడదనుకున్నాను, పేర్లు కూడా అనుకోలేదు. తీరా చూస్తే నా ఇంట్లో ఆవిడకే పూజలు.

ఆంటీ వెళ్లాక, తీసేద్దామా అని అత్తయ్యను అడిగాను.

"ఎవరైతే ఏంటమ్మాయ్, పూజందుకున్న తల్లి. ఊరికే తీస్తామా? ఉద్వాసన చెప్పాలి, వెళ్లి మళ్లీ రా తల్లీ అని."

స్నానం చేసి గూటి ముందు నిలబడ్డాను. వెళ్లమనడానికి నోరు రాలేదు. మళ్లీ రమ్మనడానికి ధైర్యం చాలలేదు. ఏం చెయ్యాలో తోచక, కొండెక్కబోతున్న దీపంలో ఇంకాస్త నూనె పోసి వచ్చాను.