అమ్మ చేసే పని

శామీర్‌పేట,
ఆదివారం

తమ్ముడు బాలరాజుకు,

అక్క దీవెనలు. నేనూ నాయినా బాగానే ఉన్నం. అమ్మ కూడా బాగుందని రాయమంది, అందుకే రాస్తున్న. అక్కడ చలి మొదలైందన్నవు, ఛాతీ జాగ్రత్త.

నీ ఉత్తరం పన్నెండు రోజులకు అందింది. అమ్మ చెయ్యి గురించి అడిగినవు. తూంకుంట దగ్గర ఆ టిప్పర్ తగిలి విరిగిన ఎముక అతికింది గని, కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. మొన్న కత్తిపీట ముందర కూర్చుని ఎడమచేత్తో చేప కోయబోయింది. అది జారి వాకిట్లో పడితే "సచ్చినంక గూడ ఉరుకుతాంది సూడు" అని నవ్వింది. నాయిన నవ్వలేదు. పట్టిన చేపలు ఇప్పుడు చెరువు కాడనే మారుబేరగాళ్లకు ఇచ్చి వస్తున్నడు.

వకీలును పెట్టినమా అన్నవు. పెట్టినం. ఆసుపత్రి దగ్గర ఒకడు, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే అంతా తనే చూసుకుంటానని వెంటపడ్డడు. వద్దన్న. మేడ్చల్‌లో అల్లావుద్దీన్ సాబ్ అని పెద్దాయన, వాటా అడగడం వకీళ్లకు తగదని చెప్పి, తన ఫీజు ఇంతని ముందే అన్నడు. దావా వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు ఉందట, నాలుగు అయిపోయినయి. మనిషి వయసు, సంపాదన, చెయ్యి ఎంత పనికిరాకుండా పోయిందని డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్, వీటి మీద పరిహారం కడతరట. టిప్పర్‌కు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఇచ్చేది ఆ కంపెనీ.

మరి తక్కువే వస్తుందని నేనెందుకంటున్ననని అడిగినవు. దానికి జవాబు ఫోన్‌ల చెప్పలేకనే ఇన్ని దినాలు మాట దాటేసిన.

ఎఫ్ఐఆర్‌ల అమ్మ వృత్తి గృహిణి అని ఉంది. ఆసుపత్రి చీటీ చూసి పోలీసులు అట్ల రాసుకున్నరు. చీటీలో రాయించింది నేను.

ఆ రోజు మా కాలేజీల నాతోని పనిచేసే శృతి మేడమ్ తన కారులో నన్ను ఆసుపత్రికి తీసుకపోయింది. ఆమె కారు పెట్టి వచ్చేలోపల, అమ్మ చీరకు అంటిన చేప పొలుసులు గోటితో గిల్లి తీసేసిన. అమ్మ నొప్పికి మూలుగుతుంటే నేను చేసిన మొదటి పని అది. తర్వాత డాక్టర్ ఈమె ఏం పని చేస్తరని అడిగిండు. పక్కన శృతి ఉంది. "ఏం లేదు, ఇంట్లోనే ఉంటరు" అన్న. ముప్పయి ఏండ్లు చేపల గంప మోసి నన్ను ఎం.ఏ. దాకా చదివించిన మనిషి కండ్లు తెరిచి నా దిక్కు చూసింది. వినలేదేమోనని నాకు నేనే చెప్పుకున్న.

విన్నది తమ్ముడూ. పోయిన వారం వకీలు సాబ్ అదే ప్రశ్న అడిగితే, ముందుగాల నా ముఖం చూసి, "నేనేం పని జేస్త సారూ, ఇంట్లనే ఉంట" అంది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇద్దరం బస్సెక్కి వచ్చేసినం.

మర్నాడు ఒక్కదాన్నే పోయి చెప్పిన. ఆయన కోప్పడలేదు. ఇంటిపనికి కూడా కోర్టు విలువ కడుతుంది గని, పోయిన బేరం లెక్కలోకి రావాలంటే రుజువు కావాలన్నడు. మత్స్యకారుల సంఘం కార్డు, ఆమె దగ్గర కొనేటోళ్ల సాక్ష్యం తెమ్మన్నడు. "రాయించింది మీరు, బోనెక్కి మీరే చెప్పాలె. అబద్ధం ఎందుకు చెప్పినరని కంపెనీ వకీలు అడుగుతడు" అన్నడు. సిగ్గుపడ్డ అని తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

నిన్న అమ్మకు అంతా చెప్పిన, పొలుసుల సంగతి కూడా. ముడుచుకోని ఆ వేళ్లను ఎడమచేత్తో రుద్దుకుంది.

"కోర్టుకు మీ కాలేజోళ్లు ఎవలన్న వస్తరా?" అంది.

"రారు" అన్న.

"అయితె చెప్పు. ఏంగాదు."

వచ్చినా చెప్తనమ్మా అనాల్సింది. శృతిని నేనే కోర్టుకు వెంటపెట్టుకొని పోవాల్నా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్న. తీసుకపోతనని నీకు మాటిచ్చే ధైర్యం ఇంకా రాలేదు.

ఇట్లు,
నీ అక్క
శైలజ