తూర్పు వైపు, మూరెడు లోతున

అక్కకు,

అందరం క్షేమం అని అలవాటుగా మొదలుపెట్టబోయి ఆగిపోయాను. అందరం అనడానికి ఇక్కడ నేనొక్కణ్ణే కదా. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

నా మోకాలి సంగతి అడిగావు. దిబ్బ ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు ప్రాణం తీస్తుంది. దానిమీద గడ్డి కోయడమే నా ఉద్యోగమైనప్పుడు మోకాలిని అని ఏం లాభం? ఒకపక్క సూపర్‌మార్కెట్ పార్కింగ్, ఇంకోపక్క బైపాస్ రోడ్డు. మూడువేల ఏళ్ళనాటి సమాధి అని బోర్డున్నా ఎవరూ చదవరు. మొన్న ఒకాయన, "ఈ మట్టికుప్ప ఎప్పుడు తీస్తారయ్యా, కారు పెట్టుకోవడానికి చోటు లేదు" అని దబాయించాడు. మూడువేల ఏళ్ళు ఆగింది, మీరింకో రెండ్రోజులు ఓపిక పట్టండి అన్నాను.

అమ్మ కళ్ళజోడు పంపమని రెండు ఉత్తరాల్లో అడిగావు. వెతుకుతున్నానని రాశాను. అది అబద్ధం. ఆ దిబ్బలోనే, తూర్పు వైపు మూరెడు లోతున పాతిపెట్టాను. అక్కడ గునపం దింపడమే నేరం, ఉద్యోగం పోతుంది. ఇప్పుడక్కడ పురావస్తు శాఖవాళ్ళ తవ్వకాలు జరుగుతున్నాయి. సోమవారం తూర్పు వైపుకొస్తారు.

ఎందుకు చేశావురా అంటావు. అమ్మ పోయినప్పుడు పక్కనే ఉన్నానని నీకు చెప్పాను. లేనక్కా. వాన పడేలోగా గడ్డి కోసేద్దామని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి టీవీ మోగుతోంది, అమ్మ లేదు. నేను వీధి చివరిదాకా వెళ్ళొచ్చినా బెంగపడే మనిషి, ఒక్కతే వెళ్ళిపోయింది. కనీసం ఆమె వస్తువైనా, ఆ సమాధిలో ఇంకో మనిషి ఉన్నచోట ఉంచుదామనిపించింది. రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చుని అన్నం తినేవాణ్ణి.

నిన్న తవ్వకాల ఆఫీసరమ్మకు నేనే అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "ఇది రాసి పైకి పంపాలండీ, తప్పదు" అంది. పుస్తకంలో రాసుకుంటూ, "లోపల రాతిగది ఖాళీ అండీ. ఎప్పుడో దోచుకుపోయారు. ఎముక కూడా మిగల్లేదు" అంది.

అక్కా, అక్కడ కూడా అమ్మను ఒక్కదాన్నే ఉంచాను. రాత్రంతా అదే బాధ.

సోమవారం తీసి నా చేతికిస్తామన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత సంగతి. కళ్ళజోడు అందగానే బీరువాలో దాచకు. పిల్లలు కొట్టుకునే గదిలో, వచ్చేపోయేవాళ్ళకు అడ్డం తగిలేచోట పెట్టు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
తమ్ముడు