జానయ్య ఒక్కనికే ఎరుకున్న జాగ

పెన్‌పహాడ్ కాపురస్తురాలు, జానయ్య భార్య ఉప్పలమ్మ అను నేను, వయసు నలభై తొమ్మిది, ఒంట్ల జబ్బున్నా మతి సక్కగున్నదని, ఎవరి ఒత్తిడీ లేదని చెప్పి, సూర్యాపేట దస్తావేజు లేఖరి ధనుంజయ్‌తోని రాయించిన వీలునామా. కానూను మాటలు ఆయనవి, కడమయి నావి. మొగని పేరు నోట పలకొద్దంటరు. కాయితంల తప్పదట, పలికిన.

1. ముందుగాల జరిగింది రాయాలె. జనవరిల సూర్యాపేట దవాఖాన్ల నాకు గర్భసంచి తీసిండ్రు. మామూలు గడ్డలే, తీస్తే ఖతం అన్నరు. స్కానింగుల గూడ అట్లనే ఉండె. తీసిన సంచిని మందునీళ్ల డబ్బాల పెట్టి, మిర్యాలగూడ ల్యాబుల ఇచ్చి రమ్మని జానయ్య చేతికిచ్చిండ్రు. ఆయన ఇయ్యలే. గొర్రె ఈనితే మాయను కుక్కలు ముట్టకుండ పాతిపెట్టే మనిషి. ఇద్దరు పిల్లల్ని మోసిన సంచిని ఎవరో కోసి సూసుడేందని, మూత తియ్యకుండ మా చెలక భూమిల పాతిపెట్టిండు. పసుపు కుంకుమ గూడ ఏసిండట. నాకు మాత్రం రిపోర్టు మంచిగొచ్చిందన్నడు.

ఆగస్టుల కడుపు మళ్ల ఉబ్బింది. డాక్టరమ్మ పాత రిపోర్టు ఏదన్నది. అప్పుడు చెప్పిండు, గోడకు ఆనుకొని. ఆయన తవ్వి తెచ్చిన డబ్బాను నా కొడుకు సుధీర్ ల్యాబుకు తీస్కపోయిండు. క్యాన్సరని తేలింది. ఆ దినం సుధీర్ వాళ్ల నాయినను "అవ్వను నువ్వే పాతిపెట్టినవ్" అన్నడు. అప్పటిసంది ఆయనతోని మాట్లాడడు, ఇంటికి రాడు, మిర్యాలగూడ రైసుమిల్లు కాడ్నే ఉంటున్నడు. ఆ మాట నాకు జబ్బుకంటె ఎక్కువ నొచ్చింది.

2. మా అవ్వ నాకిచ్చిన ఎకరం పది గుంటల చెలకను జానయ్య బతికినన్నాళ్లు అనుభవించి, తదుపరి సుధీర్‌కు సర్వహక్కులతో చెందవలెను. నాయినను అందుల అడుగుపెట్టొద్దనే హక్కు సుధీర్‌కు లేదు.

3. నా వెండి కడియాలు బిడ్డ అఖిలకు. కోదాడకు కాపురం పోయినకాంచి 'తిన్నారా, వచ్చారా' అని ఆంధ్రోళ్ల తీరు మాట్లాడుతది. మాట ఎట్లనన్న ఉండనీ. బిడ్డా, ఏడాదికొకసారి పరీక్ష చేయించుకో. తీసిన ముక్క ఏదైనా నీ చేతులతోనే ల్యాబుల ఇయ్యి, కాయితం నీ కండ్లతోనే సదువు.

4. పక్కింటి ఐలమ్మ పదకొండేండ్ల కింద తీస్కపోయిన నా రాగిచెంబు ఆమెకే. సూదిమందు ఎక్కిన దినాల్ల రోజూ జావ తెచ్చింది. నా చెంబులనే తెచ్చింది, జర సిగ్గన్న లేకుండ.

5. గొర్లు ఇరవై రెండు, జానయ్యకు. ఒంటికొమ్ము దాన్ని అమ్మొద్దు. నా గొంగడి సుధీర్‌కు.

6. ఇది ఆస్తి గాదు, అయినా రాయమన్న. మందులెక్కినంక పగటిపూట కన్ను మూస్తే చెలకల ఉంట. మట్టి కింద సల్లగుంటది. మీద గొర్లు మేస్తుంటయి, వాటి కాళ్ల సప్పుడు వాన మొదలైనట్టే ఇనబడతది. భయమైతలేదు. నాలో సగం ముందుగాల పోయి జాగ ఊడ్చి పెట్టినట్టుంటది. ల్యాబుల కోయంగ మిగిలింది అడిగి తెచ్చి జానయ్య మళ్ల అక్కడ్నే పెట్టిండు.

ముందే ఇచ్చి ఉంటే బతుకుదునా అని అడిగిన. మొండి జాతి గడ్డ, చెప్పలేమన్నది డాక్టరమ్మ. కోపం రాలేదా అంటే వచ్చింది. పదిరోజులు ఆయనకు అన్నం పెట్టలే. పదకొండో రోజు సూస్తే ఆయన ఎక్కడా తింటలేడు, మనిషి సగమైండు. నా కడుపును అంత మర్యాదగ సూసిన మనిషిని నేనేమనాలె. జానయ్యను మనస్ఫూర్తిగ మాఫ్ చేసిన. దీన్ని ఎవరూ రద్దు చేయరాదు.

7. నన్ను కాల్చొద్దు. నా సంచి ఉన్న తావునే, దాని పక్కనే పెట్టాలె. గుంత జానయ్య, సుధీర్ ఇద్దరే తవ్వాలె, మూడో చెయ్యి పడొద్దు. ఇదంతా జరిపించే బాధ్యత మా తమ్ముడు వెంకటయ్యది. ఆ జాగ చెలకల ఏ మూలకున్నదో ఇందుల రాయిస్తలేను. గుర్తురాయి లేదు. వెంకటయ్యకు తెల్వదు, నేను గూడ సూపెట్టమనలే. జానయ్య ఒక్కనికే ఎరుక.

సుధీరూ, నాయిననే అడగాలె నువ్వు.

సూర్యాపేట, 14 నవంబరు 2025

(సంతకం) ఉప్పలమ్మ

సాక్షులు:
1. ఏసుబాబు, రిటైర్డ్ టీచర్, చివ్వెంల
2. ఐలమ్మ, పెన్‌పహాడ్ (వేలిముద్ర. చెంబు సంగతి సదివి ఇనిపించినంకనే ఏసింది.)