మీటరు ముందు ట్యాంకరు

మార్చి పన్నెండు

బాబాయ్,

ఈరోజు తెల్లవారేసరికి మీ అల్యూమినా ఫ్యాక్టరీ ట్యాంకరు మా వీధంతా నీళ్లతో తడుపుతూ కనిపించింది! ఇన్నాళ్లకు మన మొర విన్నారని అమ్మ మురిసిపోయింది. దాని వెనకే మీ పర్యావరణ విభాగం వాళ్లొచ్చి, దుమ్ము కొలిచే మీటరు తడి రోడ్డు పక్కన పెట్టి, "బాగుంది" అనుకుని వెళ్లిపోయారు.

"రేపు కూడా వస్తావా అన్నా?" అని ట్యాంకరు డ్రైవరును అడిగాను.

"మీటరొస్తేనే నేనొస్తానమ్మా!" అని నవ్వాడు.

మధ్యాహ్నానికి, మీ ఫ్యాక్టరీ పారబోసిన ఎర్రబురద ఎండిన కుప్పల మీంచి గాలి మళ్లీ మొదలైంది. ఆరేసిన తెల్లదుప్పటి ఇటుక రంగుకు తిరిగింది. చెల్లి దగ్గి దగ్గి అన్నం వదిలేసింది. ఆ విభాగానికి పెద్ద మీరే కదా, మీకు తెలియదంటే ఎలా నమ్మను?

రేపు ఉదయం ట్యాంకరుకు చెప్పకుండా మీటరు తీసుకుని రండి. రాకపోతే దుప్పటిని దులపకుండా మడిచి, చెల్లిని వెంటబెట్టుకుని మీ ఆఫీసుకే వస్తాను.

మీ అన్న కూతురు