అత్తమ్మ అరచేతిలో గాజు పలుకులు

మంగళవారం

నిన్న అత్తమ్మ కాలుజారి చెయ్యి ఆనించగానే స్నానాల గది తలుపు అద్దం పగిలింది. అదృష్టం, చెయ్యి తెగలేదు. ఇక ఆ తలుపుకు అద్దమే వద్దని, రేకు కొట్టించమని పట్టుబట్టింది. రేకు వేస్తే లోపల చీకటి, ఇంకా జారుతుంది.

ఈరోజు ప్రొద్దుటూరు నుంచి అద్దాల అంగడి మస్తాన్ వచ్చాడు. గోనెసంచిలో ఒక్కో రకం అద్దం ముక్కా పెట్టి సుత్తితో కొట్టి చూపించాడు. మామూలు అద్దం కత్తుల్లాంటి పెంకులైంది. రెండు పలకల నడుమ పొర పెట్టి అతికిన లామినేటెడ్ అద్దం బీటలు వారింది గానీ ఒక్క పెంకూ రాలలేదు. కొలిమిలో బాగా వేడిచేసి గాలితో గబుక్కున చల్లార్చిన టఫెన్డ్ అద్దం మాత్రం చిన్న చిన్న పలుకులైంది. నాలుగు పలుకులు ఏరి అత్తమ్మ అరచేతిలో పెట్టాడు.

"పొడుస్తాందా అవ్వా?"

"ల్యాదప్పా. రాళ్లుప్పు మాదిరుండాది. ఇదైతే ఎయ్యి."

నేను ముందే కొలిచి రాసిన చీటీ ఇచ్చాను. అయినా అతను తలుపు చట్రాన్ని పైన, నడుమ, కింద మళ్లీ కొలిచాడు. కింద పావంగుళం తక్కువ వచ్చింది. నేను పైన ఒక్కచోటే కొలిచాను.

"ఈ అద్దం తయారైనాక కొయ్యనీకి రాదక్కా. కోస్తే అంతా పలుకులే. కొలతే శానా ముఖ్యం."

సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ అతని పనితనం చూసి ముచ్చటేసింది.

అద్దం నాలుగు రోజుల్లో వస్తుంది. అత్తమ్మ భయం పోయింది. సాయంత్రం దేవుడి గదిలో దీపం పెట్టి, తలుపు పట్టుకుని లేచింది. ఆ తలుపుకున్నదీ మామూలు అద్దమే. పన్నెండేళ్లుగా రోజూ తుడుస్తున్నాను గానీ, పగిలితే ఎట్లా పగులుతుందో ఒక్కనాడూ అనుకోలేదు.

పొద్దున్నే దాన్నీ కొలవాలి, మూడుచోట్లా.