లుపే చెవి మిషను

ఆక్లాండ్, శనివారం

వదినగారికి,

మా పాప లుపేకు చెవి ఆపరేషను సరిపడుతుందో లేదో తేల్చే రోజున డాక్టరమ్మ, రోజుకెన్ని గంటలు పెట్టుకుందో చూడటానికి దాని చెవి మిషనును కంప్యూటరుకు తగిలించి చూసింది. పాప మీ ఇంట్లో ఉన్న పగళ్లన్నీ అది ఆపేసే ఉందని తేలింది. నేనడిగినప్పుడల్లా మీరు "పెట్టుకునే ఉందే, పిచ్చిదానా!" అనేవారు. డాక్టరమ్మ ముందు మాత్రం "తల్లికే శ్రద్ధ లేదమ్మా, నేనేం చేయను?" అన్నారు. మన టోంగా వాళ్లలో భర్త అక్కకు ఎదురు చెప్పరు కనుక తల దించుకున్నాను. మిషనే సరిగా పెట్టని ఇంట్లో ఆపరేషను చేసినా లాభం లేదని దాన్ని ఆపేశారు.

ఇంటికొచ్చాక లుపే మిషను తీసి, మీ సంచిలో వేసినట్టు చేసి చూపించింది. మీ ఇంట్లో చర్చి పాటల సాధన జరిగేటప్పుడు అది కీచుమంటుందనే కదా మీరు తీసి దాచింది?

సోమవారం మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీరూ రండి. జరిగింది మీ ముందే చెబుతాను.

మీ మరదలు