పరీక్ష అయ్యాకే ఒడిబియ్యం

నిజామాబాద్,
ఆదివారం

ప్రియమైన పుష్పలత వదినకు,

మీ ఇంటికి ఫోన్ చేస్తే ప్రతిసారీ అన్నే ఎత్తుతాడు, ఎత్తగానే స్పీకర్ పెడతాడు. అందుకే బడి మానిన ఇన్నేళ్లకు కలం పట్టాను. నా కూతురు సుష్మ దీన్ని నీ చేతికే ఇస్తుంది.

నాకు మళ్లీ బ్లడ్ క్యాన్సర్ వచ్చిందని మీకు తెలుసు. ఇది పాతది తిరగబెట్టడం కాదట. ఎనిమిదేళ్ల కిందట అన్న ఇచ్చిన ఎముక మూలుగ నా ఒంట్లో నాటుకుంది కదా, ఆ కణాలే ఇప్పుడు చెడ్డాయి. అవి మగమనిషి కణాలని పరీక్షలో తేలింది. “మీ అన్నకు జబ్బుందని కాదమ్మా, చాలావరకు దాతలకు ఏమీ ఉండదు. కానీ ఆయన రక్తం చూడకుండా వదలొద్దు, ఏటా చూడాలి” అంది హైదరాబాద్ డాక్టరమ్మ. ఆయన్ని పరీక్షకు పంపే పూచీ నాదని చెప్పి వచ్చాను.

ఎట్లా చెప్పను వదినా? “మా చెల్లె ఒంట్ల ఉరుకుతున్నది నా రక్తమే” అని రుద్రూర్ చాయ్ హోటల్లో ఎందరితో చెప్పుకున్నాడో నీకు తెలుసు. మొన్న ఫోన్లోనూ అదే: “నా రక్తం ముంగట జబ్బు నిలుస్తదా? ఒడిబియ్యం పోస్తం, పసుపు బియ్యం ఒళ్లె పడితే లేసి ఉరుకుతవ్ సూడు.” నువ్వూ ఒకసారి రక్తం చూపించుకో అన్నా అంటే, “సూదులేయనీకె నేనేమన్న ఎద్దునా?” అని నవ్వాడు. “ఎద్దే నయం, చెప్తే ఇంటది!” అని వెనక నుంచి నువ్వు అనడమూ విన్నాను.

నిజం తెలిస్తే చెల్లెకు తానే విషం పోశానని కుమిలిపోతాడు. ఆయన పోసింది ఎనిమిదేళ్ల బతుకు. సుష్మ పెళ్లి చేశాను, దాని బిడ్డకు లాల పోశాను.

దేవుడి పేరున అబద్ధమాడడం నాకు చేతకాదు. అందుకని నిన్న నీలకంఠేశ్వరుడి గుడికి పోయి నిజంగానే మొక్కాను, అన్న రక్తపరీక్ష చేయించుకున్నాకే ఒడిబియ్యానికి కొంగు పడతానని. ఆయనకు ఈ మొక్కు ఒక్కటే చెప్పు. అరుస్తాడు, అరవనీ. చెల్లె మొక్కు తప్పించే ధైర్యం ఆయనకు లేదు. ఆయన కోపం నాకు రాలేదు గానీ మొండితనం మాత్రం వచ్చింది.

వచ్చే వారం చికిత్సకు పోతున్నాను. ఆలోపే ఆయన్ని బోధన్ ఆసుపత్రికి తీసుకుపో, డాక్టరమ్మ చీటీ ఇందులోనే పెట్టాను. ఏదైనా తేలితే ఎదురుగా కూర్చుని నేనే అంతా చెబుతాను. పోసిన బియ్యంలోంచి పిడికెడు పుట్టింటికే తిరిగి వేసి వస్తాం కదా, ఆయనకు ఈ పరీక్షా అట్లాంటిదే అనుకో.

ఈ కాగితాలు చింపకు వదినా. నేనున్నా లేకున్నా ఏటా పరీక్ష చేయించాలని నీకు గుర్తుండాలి. నీ పట్టుచీరల అడుగున దాచు. అన్నకు చూపకు.

నీ ఆడబిడ్డ,
రేణుక